“ఏవీ లేవు” అన్న తెర

నర్సుల వసతి గృహం,
పై అంతస్తు గది.
జూన్ మొదటి వారం

గుండుసూదీ,

ఎలా ఉన్నావే? నేను సెలవులో ఉన్నాను. నోరు వెళ్ళబెట్టకు. ఇన్నేళ్ళుగా వాడని సెలవులు పోగుపడి ఉన్నాయి, వాటిని అటక మీద పెట్టి ఏం చేసుకోను? కిటికీ తెరలు ఉతికాను. పొద్దున ఉతికినవే సాయంత్రం మళ్ళీ ఉతికాను. పక్కగది ఫిజియోథెరపీ ఆవిడ వచ్చి, “ఏమండీ, వాటి రంగు మార్చేదాకా వదలరా?” అని వెక్కిరించి వెళ్ళింది.

తోచక నీకో ప్రశ్న. మా పిల్లల వార్డులో మీ కంపెనీ వాళ్ళు పెట్టిన కంప్యూటర్ తెర గురించి నీతో తగాదా పడటమే గానీ, అదెలా పనిచేస్తుందని ఒక్కసారీ అడగలేదు. నేనో పిల్ల పేజీ తెరుస్తాను. పేరు, వయసు, మంచం నంబరు టక్కున వస్తాయి. మందుల గడి నొక్కితే ఒక గుటక వేసినంతసేపు ఆలోచించి అప్పుడు చూపిస్తుంది. జ్వరం గడి నొక్కితే మళ్ళీ అంతే. పేరు చూపించినప్పుడే మిగతావన్నీ దాని వెనకాల సిద్ధంగా ఉంటాయా, లేక నేను నొక్కాక ఎక్కడినుంచో తెస్తుందా? తెచ్చేదే అయితే, తెచ్చేవరకూ ఆ చోట ఉన్నది ఏమిటి?

నాకర్థమయ్యేలా రాయి. నీ భాషలో కాదు, నా భాషలో. తొందరేం లేదు. ఊరికే అడుగుతున్నాను.

నీ పిన్ని


ఆఫీసు, భోజనాల గదిలో మూల బల్ల.
జూన్

పిన్నీ,

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. మన ఇంట్లో ఇంతవరకూ నా ఉద్యోగం గురించి వచ్చిన ప్రశ్నలు రెండే. ఒకటి, “ప్రింటర్ బాగుచేయడం వచ్చా?” రెండోది, “ఇంటర్నెట్ ఎందుకు రావడం లేదు?” నువ్వు అడిగిందేమో అసలైన ప్రశ్న. “తెచ్చేవరకూ ఆ చోట ఉన్నది ఏమిటి?” ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే అడిగాను.

చెబుతా విను. సమాచారమంతా డేటాబేస్‌లో ఉంటుంది, వరసలుగా, గళ్ళుగా. మేం రాసే ప్రోగ్రాముకు గళ్ళంటే పడదు. దానికి ఒక మనిషి కావాలి. ఒక రోగి, ఆ రోగికి ఒక డాక్టరు, కొన్ని మందులు. అందుకని గళ్ళలో ఉన్నదాన్ని మనిషిగా కూర్చిపెట్టే దుబాసీ ఒకటి మధ్యలో ఉంటుంది. ఆ దుబాసీకి ఒక చిక్కుంది. “ఫలానా పిల్లను తీసుకురా” అన్నామనుకో. ఆ పిల్లతోపాటు డాక్టరు, ఆ డాక్టరు చూసే మిగతా పిల్లలు, వాళ్ళ మందులు, ఆ మందులు ఇచ్చిన నర్సులు... ఒక్క పిల్లను పిలిస్తే ఆసుపత్రి మొత్తం వచ్చి కూర్చుంటుంది. తెర పడకేస్తుంది.

అందుకని దుబాసీ తెలివిగా అడిగినంతే తెస్తుంది. మిగతావాటి చోట ఒక బదులు వస్తువును నిలబెడుతుంది. దాన్నే ప్రాక్సీ అంటాం. బయటినుంచి చూస్తే అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. లోపల మాత్రం ఒక నంబరు తప్ప ఏమీ ఉండదు. నువ్వు దాన్ని ఏదైనా అడిగిన క్షణంలో అది డేటాబేస్‌కి పరుగెత్తి, అసలు సంగతి తెచ్చి నీ చేతిలో పెడుతుంది. దీన్ని లేజీ లోడింగ్ అంటారు. పేరులోనే బద్ధకం ఉంది గానీ అది బద్ధకం కాదు, పొదుపు. లాండ్రీ చీటీ ఉంటుంది చూడు, అలాంటిదే. నీ చేతిలో ఉన్నది బట్టలు కాదు, నంబరు. అయినా నువ్వు “నా బట్టలు” అనే అంటావు. కావలసినప్పుడు వెళ్ళి తెచ్చుకుంటావు.

ఈ సంగతి నాకు నేర్పింది మా పెద్దాయన. ఇంటర్వ్యూలో నా నత్తితో పేరు చెప్పడానికే నాకు ఊపిరి చాలలేదు. మిగతా ఇద్దరూ గడియారం చూసుకున్నారు. ఆయన మాత్రం లేచి, కీబోర్డు నా వైపు జరిపి, “ఇందులో మాట్లాడమ్మా” అన్నారు. ఆ రోజునుంచీ ఆయనంటే నాకు గురి.

నీకు ఉత్తరాలు రాయడం కూడా అందుకే హాయి. ఫోన్లో నా మాట కాస్త పట్టుకోగానే అవతలివాళ్ళు “సిగ్నల్ లేదు” అనుకుని పెట్టేస్తారు. కాగితం పెట్టేయదు.

ఇంకా అడుగు. ఎన్నైనా అడుగు.

గుండుసూది


వసతి గృహం.
జూన్

ఏమే పంతులమ్మా,

అర్థమైంది. నిజంగానే అర్థమైంది, నవ్వకు. తెర మీద పిల్ల పేరు చూసి పిల్ల మొత్తం అక్కడుందనుకుంటాం. ఉన్నది పేరు, నంబరు. మిగతా చోట్ల బదులుగాళ్ళు నిలబడి ఉన్నారు, అడిగితే పరుగెత్తడానికి. బాగుంది.

మరి లాండ్రీవాడు షట్టరు దించి వెళ్ళిపోయాడనుకో. నేను చీటీ పట్టుకుని వెళ్ళాను. “షాపు మూసేశారు, రేపు రండి” అని పక్క కొట్టువాడు చెబుతాడు. సరే. అంతేగానీ “మీ బట్టలే లేవండీ” అని ఎవరూ అనరు కదా? మీ బదులుగాడు పరుగెత్తేసరికి ఆ డేటాబేస్ తలుపు మూసి ఉంటే ఏమంటాడు? మూసి ఉందంటాడా? లేవంటాడా?

ఇక్కడ కబుర్లేమీ లేవు. డ్యూటీ దిగి వచ్చేవాళ్ళ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపిస్తుంది. ఇదివరకు తలుపు తీసి పలకరించేదాన్ని. ఈమధ్య వేడినీళ్ళు పెట్టుకుంటూ ఉండిపోతున్నాను.

షట్టరు సంగతి మాత్రం తప్పకుండా రాయి.

నీ పిన్ని


ఆఫీసు, నా బల్ల.
జూలై మొదట్లో

పిన్నీ,

నువ్వు సరిగ్గా ఆ మెలిక దగ్గరికే వచ్చావు. షట్టరు తెరిచి ఉన్నంతసేపటినీ మేం సెషన్ అంటాం. సెషన్ ఉన్నంతవరకూ బదులుగాడు ఎన్నిసార్లైనా డేటాబేస్‌కి వెళ్ళి రాగలడు. సెషన్ మూసేశాక అడిగితే? నువ్వు చెప్పిన పక్క కొట్టువాడిలా మర్యాదగా చెప్పడు. గావుకేక పెడతాడు. ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగి, ఎర్రటి ఎర్రర్ వస్తుంది. చూడటానికి భయంగా ఉంటుంది గానీ అదే మంచిది. తెలియనప్పుడు అరవాలి. “లేవు” అనకూడదు.

ఇక్కడే నన్నో పురుగు తొలిచింది. నేను పనిచేసేది ల్యాబ్ రిపోర్టుల జట్టులో. మా దగ్గర అలాంటి కేకలు రోజూ నమోదవుతాయి. వార్డు తెరల జట్టు వేరు. నిన్న కుతూహలం కొద్దీ వాళ్ళ నమోదులు తీసి చూశాను. ఒక్క కేక కూడా లేదు. ఒక్కటీ! ఇంత బుద్ధిగల ప్రోగ్రామును నేను పుట్టాక చూడలేదు. బుద్ధిమంతులైన పిల్లల్ని చూస్తే నువ్వేమంటావు? “జ్వరమేమో చూడండి” అంటావు.

పరీక్ష కోసం పెట్టుకున్న బొమ్మ రోగి పేజీ తెరిచి అన్ని గళ్ళూ నొక్కాను. అన్నీ సక్రమంగా వచ్చాయి. మళ్ళీ నొక్కాను. మళ్ళీ వచ్చాయి.

ఇంకో సంగతి. అమ్మతో మాట్లాడాను. నీ సెలవు గురించి తనకేమీ తెలియదంది. “అదా? సెలవా? దాని పెళ్ళికే సాయంత్రం డ్యూటీ చూసుకుని వస్తానన్న మనిషి” అంది.

పిన్నీ, నువ్వు నిజంగా ఊరికే అడుగుతున్నావా?

గుండుసూది


వసతి గృహం.
జూలై

అమ్మాయ్,

ఊరికే కాదు.

సెలవు నేను పెట్టింది కాదు, వాళ్ళు పెట్టించింది. విచారణ అయ్యేవరకూ వార్డు గడప తొక్కొద్దన్నారు. మీ అమ్మకు చెప్పకు. చెబితే బస్సెక్కి వచ్చి సూపరింటెండెంటు గారిని నిలదీస్తుంది. ఆయనకు ఉన్న కష్టాలు చాలు.

మే నెలాఖర్లో వార్డులో ఒక పిల్ల చేరింది. చెట్టెక్కి జారిపడి కాలు చీరుకుపోయింది, గాయం చీము పట్టింది. ఎనిమిదేళ్ళుంటాయి. వచ్చిన పూటే మా అందర్నీ ప్రశ్నలతో కాల్చుకు తింది. “ఆ సీసాలో బుడగ ఎందుకుంది? నీ వాచీ తలకిందులుగా ఎందుకు పెట్టుకున్నావు?” ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టాం.

మర్నాడు వేరే డాక్టరు పెన్సిలిన్ జాతి ఇంజెక్షన్ రాశారు. ఇచ్చేముందు అడగడం నా అలవాటు. పిల్ల మంచం పక్కన తండ్రి ఉన్నాడు. “ఏ మందైనా పడదా?” అన్నాను. “వాళ్ళమ్మకి తెలుసండీ, ఇప్పుడే బయటికెళ్ళింది” అన్నాడు. సరేనని తెర దగ్గరికి వెళ్ళి అలర్జీల గడి నొక్కాను. “ఏవీ లేవు” అని వచ్చింది. మందు ఇచ్చాను.

పెదవులు ఉబ్బాయి. ఒళ్ళంతా దద్దుర్లు. ప్రశ్నలడిగే ఆ గొంతులోంచి ఈల వేసినట్టు ఊపిరి. నేను కేకేసి, మంచం తల దించి, ఆక్సిజన్ పెట్టాను. డాక్టరు పరుగున వచ్చి అడ్రినలిన్ ఇచ్చారు. పిల్ల బతికింది. ముందు ఇది చదివి ఊపిరి పీల్చుకో. బతికింది, బాగానే ఉంది, ఇంటికి కూడా వెళ్ళింది.

ఆ గంట గడిచాక మేట్రన్ తెర తెరిచింది. అలర్జీల గడిలో ఎర్రటి అక్షరాలతో “పెన్సిలిన్” అని ఉంది. చేర్చుకున్న రోజునే అప్పటి డాక్టరు రాశారు, సమయంతో సహా ఉంది. నేను చూశానంటున్నాను. తెర నేను చూసింది తప్పంటోంది. మనిషి మాట, తెర మాట పక్కపక్కన పెడితే ఎవరి మాట నమ్ముతారు? నేనైనా తెర మాటే నమ్ముతాను.

అసలు బాధ ఉద్యోగం కాదే. పోనుపోను నా కళ్ళ మీద నాకే నమ్మకం పోతోంది. నిజంగా నొక్కానా? నొక్కానని అనుకున్నానా? వేరే పిల్ల పేజీ చూశానా? పడుకుంటే ఆ రెండు మాటలే కనిపిస్తున్నాయి, “ఏవీ లేవు” అని. మరుక్షణం, అవి నేను కల్పించుకున్నవేమో అనిపిస్తోంది.

అందుకే నిన్ను అడిగాను, తెర అలా అనగలదా అని. అనలేదని నువ్వు రాస్తే, తప్పు నాదేనని ఒప్పుకుని తలవంచుకుందామనుకున్నాను. నువ్వేమో కేక పెడుతుందని రాశావు. నాకు కేక వినపడలేదు.

నీ పిన్ని


ఇల్లు.
జూలై, అదే వారం

పిన్నీ,

ఏడవడం అయిపోయింది. ఇప్పుడు పని.

నీ కళ్ళను అనుమానించకు. ఆ పని నాకు వదిలెయ్. నాకు కావలసింది ఒక్కటే. పేజీ తెరిచింది మొదలు అలర్జీల గడి నొక్కేవరకూ నువ్వు ఏంచేశావో మొత్తం రాయి. “ఏమీ చేయలేదు” అని రాయకు. ఎవరో పిలిచి ఉంటారు, తుమ్మి ఉంటావు, పెన్ను కింద పడి ఉంటుంది. నీకు పనికిమాలినదనిపించిందే ముందు రాయి. విచారణలో వాళ్ళు ఇది అడిగారా?

గుండుసూది


వసతి గృహం.
జూలై

గుండుసూదీ,

విచారణలో ఇదెవరూ అడగలేదు. “చూశారా, లేదా?” అన్నారు. “చూశాను” అన్నాను. అంతటితో సరి.

కళ్ళు మూసుకుని మళ్ళీ ఆ పూటలోకి వెళ్ళాను. ముందు ఇన్‌స్పెక్టరమ్మ పేజీ తెరిచాను. పేరు, మంచం సరిచూసుకున్నాను. మందుల గడి నొక్కాను, మోతాదు చూసుకున్నాను. ఇంతలో ఎదుటి మంచం పిల్లాడు భళ్ళున కక్కుకున్నాడు. నేను వెళ్ళి వాడి మొహం కడిగి, చొక్కా మార్చి, దుప్పటి తీసి, కొత్తది పరిచాను. వాడి నాయనమ్మ కంగారు పడుతుంటే కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాను. చేతులు కడుక్కున్నాను. ఇన్‌స్పెక్టరమ్మ తండ్రిని నేను మందు సంగతి అడిగింది అప్పుడే. తర్వాత తెర దగ్గరికి వచ్చాను. పేజీ నేను వదిలినట్టే ఉంది, పిల్ల పేరు పైన మెరుస్తూ ఉంది. అలర్జీల గడి నొక్కాను.

ఇంతే. మా పిల్లల వార్డులో ఒక పని మొదలుపెట్టి మధ్యలో వదలకుండా పూర్తిచేసిన పూట ఉంటే చెప్పు, పండగ చేసుకుంటాం.

నీ పిన్ని


ఆఫీసు మేడ మెట్లు.
ఆగస్టు

పిన్నీ,

ఫోన్లో నేను పంపిన మెసేజీ అందే ఉంటుంది, అయినా మళ్ళీ రాస్తున్నాను. పేజీ తెరిచి వదిలేసి పక్కకు వెళ్ళి వస్తే, మూసి మళ్ళీ తెరవనిదే అందులో ఏదీ నమ్మొద్దని అన్ని వార్డులకూ చెప్పించు.

దొరికింది!

నీ ఉత్తరం పక్కన పెట్టుకుని, నువ్వు చేసినట్టే చేశాను. బొమ్మ రోగికి నేనే మూడు అలర్జీలు రాశాను. పేజీ తెరిచాను. మందుల గడి నొక్కాను. ఇక్కడ కక్కే పిల్లలు లేరు కాబట్టి లేచి నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళాను. దారిలో పక్క జట్టు అమ్మాయి పట్టుకుని కొత్త ఇంటి గచ్చు రంగు గురించి నా తల తింది. తిరిగొచ్చి అలర్జీల గడి నొక్కాను.

“ఏవీ లేవు.”

నా చేతులతో రాసినవి మూడూ లేవంటోంది తెర. ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే సంతోషం వేసింది, ఆ వెంటనే నా సంతోషం చూసి నాకే సిగ్గేసింది. నువ్వు చూశావు పిన్నీ. నువ్వు చూసింది చూసినట్టే చెప్పావు.

జరిగింది ఇదీ. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే సెషన్ మూసేస్తారు. తెర మీద పేరు మాత్రం అలాగే ఉంటుంది. తర్వాత నొక్కితే ప్రాక్సీ పరుగెత్తుతాడు, షట్టరు మూసి ఉంటుంది, కేక పెడతాడు. ఆ కేక నోరు ఎవరో నొక్కేశారు. “కేక వినబడితే ఖాళీ పట్టిక చూపించు” అని ఒక వరస రాసి ఉంది. ఖాళీ పట్టిక చేతికి రాగానే తెర తన తెలివి చూపించి, “ఏవీ లేవు” అని అచ్చేస్తోంది. మా ఆఫీసులో పరీక్షించేవాళ్ళు టకటకా నొక్కుతారు, మధ్యలో ఎవరికీ దుప్పటి మార్చరు. అందుకే ఇక్కడ ఎప్పుడూ బయటపడలేదు.

మా పెద్దాయన్ని పిలిచి చూపించాను. చూశారు. “మళ్ళీ చూపించు” అన్నారు. మళ్ళీ చూపించాను. ఆ వరస ఎవరు రాశారని అడగబోతే మొదటి అక్షరం దగ్గరే నా గొంతు పట్టేసింది. ఈసారి ఆయన కీబోర్డు జరపలేదు.

“నేనే రాశాను, ఆ జట్టులో ఉన్నప్పుడు” అన్నారు. “మొదట్లో ఎర్రర్ వచ్చినప్పుడల్లా తెర మొత్తం మూసుకుపోయేది. నర్సులు హడలిపోతున్నారని ఫోన్ల మీద ఫోన్లు. రెండ్రోజుల్లో సరిగ్గా రాద్దాంలే అని అలా పెట్టాను. తర్వాత... కేకలు లేవు కదా, ఎవరూ ఫోన్ చేయలేదు. నేనూ మర్చిపోయాను.”

మెట్లెక్కి పైవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. దిగి వచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది.

“వచ్చే వెర్షన్లో సరిచేయమన్నారు. అప్పటిదాకా ఏ ఆసుపత్రికీ ఏమీ రాయొద్దన్నారు.”

“మ... మరి, ఈలోపు?” అన్నాను.

ఆయన కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కున్నారు. “నీకు సెలవులున్నాయా?” అన్నారు. ఉన్నాయన్నాను. “పెట్టు. ఎక్కడికని నేనడగను.”

ఆయన ధైర్యం అక్కడికే వచ్చి ఆగిపోయింది. నాకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళే బస్సులో జాలి కూడా వేసింది. రెండూ ఇంకా ఉన్నాయి.

నీ విచారణకు నేను వస్తున్నాను. నేనే చెబుతాను.

గుండుసూది


వసతి గృహం.
ఆగస్టు

పిచ్చిదానా,

నీ ఉత్తరంలో “నువ్వు చూశావు” అన్న ముక్క దగ్గర ఆగి, కూర్చుని, లేచి, మొహం కడుక్కుని మళ్ళీ చదివాను. ఇక వాళ్ళు ఉద్యోగంలోంచి తీసేసినా నాకు నిద్ర పడుతుంది. నువ్వు చెప్పినట్టు మేట్రన్‌కి చెప్పాను. ఆవిడకి నా మీద నమ్మకం ఉందో లేదో గానీ, ప్రతి తెర పక్కనా కాగితం అంటించింది.

నువ్వు మాత్రం రావద్దు. ఒకటి, నీ ఉద్యోగం. రెండోది, మొహమాటం లేకుండా రాస్తున్నాను, ఏమనుకోకు. ఆ గదిలో కూర్చునేవాళ్ళకు ఓపిక లేదు. నేను గడగడా మాట్లాడుతుంటేనే నా వాక్యాలు వాళ్ళు పూర్తిచేశారు. నిన్ను అలా చేస్తుంటే నేను చూడలేను. అన్నీ రాసి పంపు, నేను చదివి వినిపిస్తాను.

నీ పిన్ని


రైలు స్టేషను, వెయిటింగ్ రూము.
సెప్టెంబరు

పిన్నీ,

నిన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచారు కదా. బయటికి వచ్చాక నువ్వు నా చేతులు పట్టుకున్నావు, నాకేమో నోరు పెగల్లేదు. ఆటోలో కూడా నువ్వే మాట్లాడావు. రైలు ఆలస్యంట. లోపల ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను.

ముగ్గురున్నారు. సూపరింటెండెంటు గారు, మేట్రన్, మందుల విభాగం డాక్టరు. బల్ల మీద వార్డులో ఉండేలాంటి తెర. అందులో కొత్తవాళ్ళకు నేర్పడానికి పెట్టిన బొమ్మ రోగి ఉంది. వాళ్ళ దృష్టి నా మాట మీదికంటే చేతల మీదికి వెళ్ళేలా మొదలుపెడదామనుకున్నాను. ఆ రోగికి ఏదో ఒక అలర్జీ మీరే రాయండి సార్, అని సైగ చేసి చూపించాను. సూపరింటెండెంటు గారు కాసేపు ఆలోచించి “పిల్లులు” అని టైపు చేశారు. మేట్రన్ నవ్వు ఆపుకుంది. ఆయనకు నిజంగానే పడవట. పేజీ మూసి, మళ్ళీ తెరిపించాను. పేరు వచ్చింది. ఇక ముట్టుకోవద్దన్నాను.

నా ఆలోచన ఏమిటంటే, మూడు ముక్కల్లో విషయం చెప్పి, తర్వాత కాసేపు ఆగి నొక్కమందామని. మూడు ముక్కలు! “ప్రాక్సీ” అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ‘ప’ నాకు ఎప్పుడూ శత్రువే. పెదవులు కలిశాయి, విడిపోవు. డాక్టరు గారు పెన్ను తిప్పుకున్నారు. సూపరింటెండెంటు గారు జాలిపడి, “ప్రాబ్లమా? ప్రోగ్రామా?” అని అందివ్వడం మొదలుపెట్టారు. కాదని తలూపాను. “పాస్‌వర్డా?” అన్నారు.

నువ్వన్నది గుర్తొచ్చింది. ఒళ్ళు మండింది. చేయెత్తి ఆపాను.

“సార్, నా... నా మాట న... నన్నే పూర్తిచేయనివ్వండి.”

 ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. కోపమో, మర్యాదో తెలియలేదు. నేను తీరిగ్గా చెప్పాను. పేరు వెనకాల మనిషి ఉండదని, బదులు నిలబడినది ఉంటుందని, అది అడిగాకే పరుగెత్తుతుందని, తలుపు మూసి ఉంటే కేక పెట్టాలని, ఆ కేకను మావాళ్ళే నొక్కేశారని. ప్రతి ‘ప’ దగ్గరా ఆగాను. ప్రతి ‘త’ దగ్గరా తడబడ్డాను. డాక్టరు గారు గడియారం చూశారు. మామూలుగా అయితే అప్పుడు చచ్చిపోవాలనిపిస్తుంది. ఈసారి ఆయనతో పాటు నేనూ గడియారం వైపు చూశాను. చూడగానే నాకు నవ్వొచ్చింది పిన్నీ. నేను విడిగా ఆగి ఎదురుచూడాల్సిన అవసరమే లేదు! వాళ్ళు విసుక్కుంటున్నంతసేపూ ఆ పేజీ అక్కడ ఎవరూ ముట్టుకోకుండా ఉంది. సెషన్ ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది. వేరే ఎవరైనా గడగడా చెప్పేసి ఉంటే తెర “పిల్లులు” అని బుద్ధిగా చూపించి వాళ్ళ పరువు తీసేది.

“ఇప్పుడు నొక్కండి సార్” అన్నాను. ఆ మాట ఎక్కడా ఆగకుండా వచ్చింది.

సూపరింటెండెంటు గారు నొక్కారు.

“ఏవీ లేవు.”

“ఇదేంటి, ఇందాక నేనే కదా టైపు చేశాను?” అన్నారు. మళ్ళీ నొక్కారు. లేవంది. పేజీ మూసి తెరవమన్నాను. ఎర్రటి అక్షరాలతో “పిల్లులు” వచ్చింది. ఆయన తెరను పట్టుకుని తన వైపు తిప్పుకుని, “నేను చూశాను కదా, లేవని ఉంది కదా, మీరంతా చూశారు కదా?” అన్నారు.

మేట్రన్ నెమ్మదిగా అంది: “ఆవిడా ఇదే మాట అంది సార్. మనమే నమ్మలేదు.”

 సూపరింటెండెంటు గారు ఫోన్ తీసి, ఇదే తెర వాడే మిగతా ఆసుపత్రులవాళ్ళకు ఒక్కొక్కరికీ చెప్పడం మొదలుపెట్టారు. నేను బయటికి వచ్చాను.

రేపు ఆఫీసులో ఏమంటారో తెలియదు. తెలియదన్న సంగతి ఒకటి తెలుసు. రైలు వస్తున్నట్టుంది.

గుండుసూది


పిల్లల వార్డు, నర్సుల గది.
అక్టోబరు

బంగారుతల్లీ,

కాగితం మీద మందు మరకలుంటే ఏమనుకోకు. డ్యూటీలోంచి రాస్తున్నాను.

మీ పెద్దాయన పైవాళ్ళ ముందు “ఆ వరస నాది” అని లేచి నిలబడ్డారని, వార్డు తెరలు నీ చేతికే అప్పగించారని విని ఎంత సంతోషించానో. ఆయన ఆలస్యంగా లేచారని నీకింకా కాస్త గుర్రుగా ఉన్నట్టుంది. ఉండనీ. దానంతటది తగ్గుతుంది.

నువ్వు మార్చిన తెర మాకు వచ్చింది. “సమాచారం తేలేకపోయాను. లేవని అనుకోవద్దు. మళ్ళీ తెరవండి” అంటోంది, పసుపు రంగులో. “ఇదొకటి, మాటిమాటికీ ఆపుతుంది” అని మావాళ్ళు సణుగుతున్నారు. నేనైతే అది కనిపించినప్పుడల్లా తెరకేసి తలూపుతున్నాను, చూసినవాళ్ళు ఏమనుకుంటారో ఏమో.

నిన్న ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది, కాలు చూపించుకోవడానికి. కుంటు పోయింది, ప్రశ్నలు పోలేదు. వెనక తల్లి. ఈ నాలుగు నెలలూ ఆవిడకు ఎదురుపడకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. తప్పుకుందామనుకున్నాను గానీ పిల్ల వచ్చి నా వాచీ పట్టుకుంది.

ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడేమో తల ఎత్తలేదు. పిల్లను డ్రెస్సింగ్ గదిలోకి పంపాక మెల్లగా అంది: “సిస్టర్, ఆరోజు నేను బయటికెళ్ళకుండా ఉండాల్సింది. ఫోన్‌కి చార్జర్ కొనడానికని వెళ్ళాను. ఆ కాసేపు నేనక్కడుంటే మీరడిగినప్పుడు చెప్పేదాన్ని. నా వల్లే నా కూతురు...”

అమ్మాయ్, నేను ఇక్కడ తెరలు ఉతుక్కుంటూ ఉన్నన్నాళ్ళూ ఆవిడ అక్కడ చార్జర్‌ని తలచుకుని కుమిలిపోతూ ఉంది. ఎవరూ ఆవిడకు ఏమీ చెప్పలేదు. విచారణ అయిందని, ఫలానాది తేలిందని, ఒక్క ముక్క కూడా.

బెంచీ మీద కూర్చోబెట్టాను. పక్కన కూర్చున్నాను. “మీరు చేర్చినరోజే చెప్పారమ్మా. డాక్టరు గారు రాసుకున్నారు. మీరు చెప్పింది లోపల భద్రంగానే ఉంది” అన్నాను. మరి తెర లేవని ఎందుకందో కూడా చెప్పాను. నువ్వు నాకు నేర్పినట్టే చెప్పాను, బదులు నిలబడినదాని సంగతి, మూసిన తలుపు సంగతి, నోరు నొక్కిన కేక సంగతి. నాకు రాని చోట చేతులతో చూపించాను. ఆవిడ నా చేతుల వంకే చూస్తూ వింది.

“అంటే, నేను చెప్పాను” అంది.

“చెప్పారు.”

“అది అక్కడే ఉంది.”

“అక్కడే ఉంది.”

 డ్రెస్సింగ్ గదిలోంచి పిల్ల గొంతు వినిపిస్తోంది, కట్టు తెల్లగానే ఎందుకుండాలని ఎవర్నో నిలదీస్తోంది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

“ఇంకోసారి చెప్పండి సిస్టర్” అంది.

మొదటినుంచీ మళ్ళీ చెప్పాను.

నీ పిన్ని